ఫోన్‌లో చెప్పిన రేటు, లారీలో వచ్చిన రాయి

"ప్రహరీ కట్టాలి మేస్త్రీ, అడుగెంత?" అని ఫోన్‌లో అడిగే ఇంటాయనకు తన ప్రశ్నలో లోపమేమీ కనిపించదు. "ఇరవై" అని ఠక్కున చెప్పే తాపీ మేస్త్రికి తన జవాబులోనూ కనిపించదు. మర్నాడు పొద్దున లారీ వచ్చి వీధి మొదట్లో ఆగాక ఇద్దరికీ కనిపిస్తుంది.

మేస్త్రి మనసులో ఉన్నది నాలుగంగుళాల సిమెంట్ రాయి. పొడవు 16, ఎత్తు 8, మందం 4 అంగుళాలు, బరువు 17, 18 కిలోలు. లారీలోంచి దిగుతున్నది పొడవూ ఎత్తూ అంతే, మందం మాత్రం 8. ఎదురుగా నిలబడి చూస్తే రెండిటికీ తేడా లేదు. వంద చదరపు అడుగుల గోడకు అవైనా 112 రాళ్లే, ఇవైనా 112 రాళ్లే. వంగి ఎత్తినప్పుడు గానీ అది 35 కిలోలని నడుముకు తెలియదు. బ్రిటన్‌లో 20 కిలోలు దాటిన రాయిని ఒక్క మనిషి పదేపదే ఎత్తకూడదని అక్కడి భద్రతా సంస్థ సలహా. మన దగ్గర సలహా ఇంటాయనే ఇస్తాడు: "రాయి పెద్దదైతే పని తొందరగా తెమిలిపోతుంది కదా మేస్త్రీ!"

తెమలదు. కూలి ఊరూరికీ మారుతుంది గానీ, లెక్క కోసం మేస్త్రికి వెయ్యి, ఇద్దరు కూలీలకు ఏడేసి వందలు అనుకుందాం. జట్టుకు రోజుకు 2,400. నాలుగంగుళాల రాళ్లు రోజుకు 150 పేర్చే జట్టు, ఎనిమిదంగుళాలవి 80 దగ్గర చతికిలబడుతుంది. అంటే మొదటి రకం రాయికి 16 రూపాయలు, చదరపు అడుగుకు 18 పడుతుంది; ఇరవై అంటే రెండు రూపాయలు మిగులు. రెండో రకం రాయికి 30, అడుగుకు 34. ఇప్పుడీ గోడ 60 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, మొత్తం 300 చదరపు అడుగులు. ఫోన్ మాట ప్రకారం చేతికొచ్చేది 6,000. రాళ్లు 315, నాలుగు రోజుల పని, జట్టుకు ఇవ్వాల్సింది 9,600. తేడా మేస్త్రి జేబులోంచి, అదీ జేబులో ఉంటే.

ఈ లెక్కలో రాళ్లు మోసే పని లేదు. సందు ఇరుకు, లారీ లోపలికి రాదు. రాళ్లు దిగిన చోటు నుంచి గోడ దాకా 150 అడుగులు. ఒక్కో రాయి మోసుకెళ్లి ఖాళీ చేతులతో వెనక్కి వస్తే 315 రాళ్లకు నడక 28 కిలోమీటర్లు దాటుతుంది, మోసే బరువు 11 టన్నులు. అందుకే రేటు చెప్పే ముందు రాయి మందం ఎంత, లారీ ఎక్కడిదాకా వస్తుంది, దింపుడు కూలి ఎవరిది అనే మూడూ అడగాలి. మేస్త్రి అడిగింది మాత్రం "సార్, టీ ఇస్తారా?"

టీ వచ్చింది. టీతోపాటు ఇంటాయన గొట్టం పట్టుకొని వచ్చి రాళ్ల గుట్టను తడపడం మొదలుపెట్టాడు. "మా తాతగారు ఇటుకల్ని రాత్రంతా నానబెట్టేవారు." మట్టి ఇటుకకు అది సరే, పొడిగా పెడితే సిమెంటూ ఇసుకా కలిపిన మాలులోని నీళ్లు పీల్చేస్తుంది. సిమెంట్ రాయిని నానబెట్టి కడితే ఆరేటప్పుడు కుంచించుకుపోయి, కీళ్ల వెంట, అంటే రాళ్ల మధ్య అతుకుల వెంట, మెట్లు మెట్లుగా బీటలిస్తుంది. మండుటెండలో పైముఖం మీద నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు. అసలు రాయి పోశాక 14 రోజులు తడిపి, తర్వాత నాలుగు వారాలు ఆరబెట్టి గానీ గోడకు పంపకూడదని సిమెంట్ రాళ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 చెబుతుంది. నల్లగా ఉండి, మేకుతో గీస్తే అంచు పొడిగా రాలుతుంటే అది పచ్చి రాయే. పైగా రాయికి కిలోన్నర నీళ్లు తాగినా, 315 రాళ్లకు దాదాపు అర టన్ను అదనపు మోత. ఈ అర టన్ను ఇంటాయన కానుక.

తర్వాతి తగువు ఎత్తు దగ్గర. ఆయనకు సరిగ్గా 5 అడుగులు కావాలి. రాయి ఎత్తు 8 అంగుళాలు, కీలుతో కలిపి. ఏడు వరసలకు 4 అడుగుల 8 అంగుళాలు, ఎనిమిదికి 5 అడుగుల 4. మధ్యలో ఆగాలంటే ఏడో వరస మీద 4 అంగుళాల కాంక్రీట్ పట్టీ పోసుకోవాలి. "రాయిని నిలువునా చీల్చెయ్యి" అన్నాడు, మామిడికాయ ముక్కలు కొట్టమన్నంత తేలిగ్గా. పొడవు కోసం సగాలు కొట్టే పని అప్పటికే ఉంది: పిల్లర్ల మధ్య ఒక్కో గది పది అడుగులు, అంటే వరసకు ఏడు రాళ్లు, ఒక సగం. ఆరు గదులు, ఏడు వరసలు: 42 సగాలు. కీలు మీద కీలు పడకుండా ఆ సగం ఒక వరసలో ఎడమ చివర, పై వరసలో కుడి చివర రావాలి. సుత్తీ ఉలీతో కొడితే గట్టి రాయి రెండు కాదు, ఒక్కోసారి మూడు ముక్కలవుతుంది. గ్రైండర్‌తో కోస్తే సగం సగంలా ఉంటుంది, కోసినవాడు మాత్రం పిండిమరలోంచి వచ్చినట్టుంటాడు.

కట్టేటప్పుడు అసలు పరీక్ష మాలుది. సిమెంట్ ఒకటికి ఇసుక ఆరు పాళ్ల మాలు గట్టిగా ఉండాలి. పల్చనైతే 35 కిలోల రాయి పెట్టగానే కీలు 10 మిల్లీమీటర్ల నుంచి ఏడుకు దిగిపోతుంది, మాలు బయటికి జారుతుంది. ఏడు వరసల్లో ఒక గది పక్క గదికన్నా రెండు సెంటీమీటర్లు కుంగి కూర్చుంటుంది. కూలీ మాత్రం కలపడం సులువని ఇంకో చెంబు నీళ్లు పోస్తూనే ఉంటాడు. కూర్చున్న రాయిని కాసేపయ్యాక తట్టి సర్దితే పట్టు వదిలేస్తుంది. ఎత్తి, పాత మాలు గీకి, కొత్తది వేయాల్సిందే. పట్టుకోవడానికి పిడి లేదు గనుక ఒక కొస ముందు ఆనించి, రెండో కొస దించుతూ వేళ్లు లాగేసుకోవాలి. ఆలస్యమైతే వేలు గోడలో భాగం. పాత సైకిల్ ట్యూబు కోసి వేళ్లకు తొడుక్కునేది షోకుకు కాదు. నూలు గ్లౌజులు మధ్యాహ్నానికే చిల్లులు పడతాయి.

మొత్తానికి గోడ లేచింది. టేపు పట్టుకొని పిల్లర్లు తీసేసి, గేటు తీసేసి, కొలిచిందే మూడుసార్లు కొలిచాక, మిగిలిన పది రాళ్ల మీద ఇంటాయన చూపు పడింది.

"వీటితో అరుగు కట్టెయ్ మేస్త్రీ. రాళ్లు ఉన్నవే, కూలెందుకు?"

"అలాగే సార్. ముందు మీరు ఒకటెత్తి ఇక్కడ పెట్టండి."

ఆయన వంగాడు. రాయి ఒక కొస లేచింది, రెండోది లేవలేదు. నడుము పట్టుకొని నెమ్మదిగా నిటారుగా నిలబడి అడిగాడు:

"రేటు అడుగుకా, రాయికా?"