ఫస్టియర్‌లో రోజుకు 16 గంటలు చదవాలా? ఆ మెసేజ్‌ను నమ్మకండి

కాలేజీలు మొదలయ్యే రోజుల్లో ఒక మెసేజ్ ఫోన్లలో తెగ తిరుగుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: "మొదటి ఏడాది రోజుకు 16 గంటలు చదవాలి, 4 గంటల నిద్ర చాలు. ప్రతి పాఠం నాలుగుసార్లు చదవాలి. స్నేహితులను పక్కన పెట్టి తలుపేసుకోవాలి. మూడు నెలల్లో నిలదొక్కుకోలేకపోతే ఆ కోర్సు నీకు తగదు." రాసినవాళ్లు మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ ఫస్టియర్ వాళ్లకు చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఈ మాటలు నమ్మి నలిగిపోయిన పిల్లల్ని దగ్గరగా చూశాను.

ముందు ఆ 16 గంటల సంగతి. వారానికి 112 గంటలవుతుంది. యూరప్ విశ్వవిద్యాలయాలు ఒక ఏడాది పూర్తి చదువుకు 60 క్రెడిట్లు ఇస్తాయి. క్లాసులు, ల్యాబులు, సొంతంగా చదువుకోవడం, పరీక్షలు అన్నీ కలిపి దానికి 1,500 నుంచి 1,800 గంటలు పడుతుందని లెక్క. 40 వారాలకు పంచితే వారానికి దాదాపు 40 గంటలు. కోర్సును బట్టి ఇది పెరగొచ్చు, పరీక్షల ముందు తప్పకుండా పెరుగుతుంది. అయినా 112కు ఎక్కడా దగ్గర కాదు.

నిద్ర విషయంలో వాదనే అక్కర్లేదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పగలు చదివింది మెదడులో కుదురుకునేది ఎక్కువగా నిద్రలోనే. నిద్ర మానేసి చదవడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

"నాలుగుసార్లు చదవాలి" అన్నది వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. అందుకే దీనిదగ్గర కాస్త ఆగుతాను. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు సరిగ్గా దీన్నే పరీక్షించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగిలిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత తారుమారైంది: చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. మళ్లీ మళ్లీ చదివితే వాక్యాలు కంటికి అలవాటవుతాయి. ఆ అలవాటునే "వచ్చేసింది" అనుకుంటాం. పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు కూర్చున్నప్పుడు గానీ రాలేదని తెలియదు. స్కూల్లో సిలబస్ తక్కువ, టీచర్ రోజూ వెంటపడతారు కాబట్టి ఆ పద్ధతి నెట్టుకొచ్చింది. కాలేజీలో ఒకే వారంలో మూడు చాప్టర్లు దాటిపోతాయి. సాయంత్రం పుస్తకం మూసి, ఆ రోజు క్లాసులో విన్నది ఒక పేజీ రాయమని నా విద్యార్థులకు చెబుతాను. ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడ చదవాలి.

తలుపేసుకోమన్న సలహా నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. 1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో యూరీ ట్రైస్‌మన్ అనే గణితవేత్త, మొదటి ఏడాది కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు ఎక్కువగా ఫెయిలవుతున్నారో తెలుసుకోవాలనుకున్నారు. శ్రద్ధ లేదనో, ఇంట్లో పట్టించుకోరనో చాలామంది ఊహించారు. ఆయన వాళ్లతో గడిపి చూస్తే, వాళ్లు శ్రద్ధగానే చదువుతున్నారు, కాకపోతే ఒంటరిగా. బాగా చేస్తున్న చైనీస్ అమెరికన్ విద్యార్థులు మాత్రం విడిగా చదివాక ఒకచోట చేరి లెక్కలు పోల్చుకుంటున్నారు, ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటున్నారు. దాంతో ట్రైస్‌మన్ కష్టమైన లెక్కలను గుంపుగా చేసే వర్క్‌షాపులు పెట్టారు, పాల్గొన్న వాళ్ల మార్కులు బాగా పెరిగాయి. గదిలో ఒంటరిగా ఉన్నవాడికి ఆ లెక్క అందరికీ కష్టంగానే ఉందని ఎవరు చెబుతారు? తనకొక్కడికే రావడం లేదనుకుంటాడు.

ఇక "మూడు నెలల్లో నిలదొక్కుకోలేకపోతే" అన్న మాట. వాల్టన్, కోహెన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఇక్కడ ఇమడలేనేమో అన్న భయం మొదటి ఏడాది అందరికీ ఉంటుందనీ, మెల్లగా తగ్గుతుందనీ సీనియర్ల అనుభవాల ద్వారా కొత్త విద్యార్థులకు తెలియజేశారు. పట్టింది ఒక గంట. దాంతో నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాత మూడేళ్లపాటు మెరుగ్గా ఉన్నాయి. ఈ మెసేజ్ సరిగ్గా దానికి ఎదురుమాట నూరిపోస్తోంది. వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవాలి. చదువు టెన్షన్ ఎవరి దగ్గరా దాచాల్సిన విషయం కాదు.

"నాకిది రాదేమో సార్" అన్న మాట మూడో నెలలో ప్రతి బ్యాచ్‌లోనూ వింటాను. అలా అన్నవాళ్లలో కొందరు మరుసటి ఏడాది లైబ్రరీలో జూనియర్లను చుట్టూ కూర్చోబెట్టుకుని అవే లెక్కలు చెబుతూ కనిపించారు.