రేటు పడిపోయిన రోజు పులుసులో ఉప్పెక్కువ

ప్రకాశం జిల్లాలో ఒక జంట ఎంత అన్యోన్యంగా ఉందో తెలుసుకోవడానికి పెళ్లి ఆల్బమ్ తిరగేయనక్కర్లేదు. వేలం కేంద్రంలో వాళ్ల పొగాకు బేలుకు ఏం పలికిందో కనుక్కుంటే చాలు. కొండపిలోనో టంగుటూరులోనో మంచి రేటు వచ్చిన రోజు భర్త మల్లెపూలతో వస్తాడు. 'నో బిడ్', అంటే కొనేవాళ్లే లేరు, అన్న రోజు బేలుతోనే వెనక్కి వస్తాడు. ఆ రాత్రి పులుసులో ఉప్పు ఎక్కువవుతుంది. మధ్యాహ్నం అదే పులుసు బాగానే ఉంది. (మధ్యాహ్నం తిన్నదీ ఈయనే.)

దీన్ని కోపం అనుకునేవాళ్లు లోకం తెలియనివాళ్లు. ఇది పరిపాలనా సౌలభ్యం. కొనని కంపెనీ ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? పొగాకు బోర్డు గుంటూరులో ఉంది, వెళ్లి తిట్టి రావాలంటే బస్సు ఛార్జీలు. భార్య వంటింట్లోనే ఉంటుంది. పైగా ఆకు గ్రేడింగ్‌కి కూర్చున్నది ఆమే కాబట్టి కేసు బలంగా నిలుస్తుంది. రేటు బాగా పలికిన రోజు మాత్రం గ్రేడింగ్ ఎవరు చేశారన్న ప్రస్తావనే రాదు.

నెల్లూరు తీరంలో రొయ్యల చెరువులు కాబట్టి తగవు కూడా కొంచెం అంతర్జాతీయం. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. అమెరికాతో మాట్లాడే వీల్లేదు గనుక ఇందుకూరుపేట వైపు "ఏందిమే, ఆ టీవీ సౌండు!" అన్నది అప్పట్లో మన అధికారిక స్పందన.

శాస్త్రం కూడా మన వెనకే నడుస్తోంది. 1980లలో అమెరికాలోని ఐయోవాలో వ్యవసాయం చితికిపోయింది. తర్వాత రాండ్ కాంగర్, గ్లెన్ ఎల్డర్ బృందం అక్కడి పల్లె కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించింది. డబ్బుకు కటకట మొదలైతే ఇంట్లో చిరాకు పెరుగుతుందనీ, ఒకరికొకరు ఆసరాగా ఉన్న జంటలు మాత్రం అంతగా కుంగిపోలేదనీ తేల్చారు. స్విట్జర్లాండ్‌లో గై బోడెన్‌మన్ అనే మనస్తత్వవేత్త ఇంకో అడుగు ముందుకేసి, బయటి టెన్షన్ ఇద్దరిదీ అనుకుని కలిసి మోయాలన్నాడు. పాపం, ఆయన ఇటు రాలేదు. మన దగ్గర ఆ పంపకం ఎప్పుడో అయిపోయింది. మొత్తం ఒకరు ఇస్తారు, మొత్తం ఇంకొకరు పుచ్చుకుంటారు.

అయినా ప్రభుత్వానికి నాదొక మనవి. ప్రతి వేలం కేంద్రం గేటు దగ్గర ఒక కౌంటర్ పెట్టాలి. బేలు వెనక్కి తీసుకెళ్లే రైతుకు అక్కడ స్లిప్ ఇవ్వాలి: "ఈ రేటుకు కారణాలు: పంట ఎక్కువ కావడం, ఎగుమతి ఆర్డర్లు తగ్గడం. మీ భార్య పేరు జాబితాలో లేదు." కంచం ముందు కూర్చునే ముందు దాన్ని పైకి చదవాలి. చెరువుల వాళ్లకు మేత కొట్లోనే ఇచ్చేయొచ్చు.

స్లిప్ అడుగున ఒక గడి కూడా ఉంటుంది: "మొత్తం అప్పు ఎంతో ఇంట్లో చెప్పారా? అవును / లేదు." బ్యాంకు నోటీసు వచ్చేదాకా అప్పు సంగతే తెలియని మనిషి ఆసరా ఇవ్వాలన్నా దేనికని ఇస్తుంది? కుదువలో ఉన్నది ఆమె గొలుసే కదా.

కౌంటర్ ఆలోచన బ్రహ్మాండంగా ఉందని రైతు సోదరులు అప్పుడే మెచ్చుకున్నారు. ఆ గడి ఒక్కటీ తీసేయమన్నారు.