కంప్యూటర్‌పై నిషేధాజ్ఞలు

మా బావగారికి నిషేధించడం అంటే మహా ఇష్టం. రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసి, అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి అయ్యాక ఆ ఇష్టానికి చేతినిండా పని దొరికింది. లిఫ్టులో బీరువాలు ఎక్కించరాదు. మెట్ల మీద చెప్పులు విడువరాదు. బాల్కనీలోంచి దుప్పట్లు దులుపరాదు. టెర్రస్ మీద వడియాలు పెట్టువారు కాకులకు తామే బాధ్యులు. ఈ చివరిది నిషేధం కాదు గానీ, గొంతు మాత్రం అదే.

ప్రతి నోటీసునూ లామినేషన్ చేయించి అంటించేవారు. ఒక్కరూ పట్టించుకునేవారు కాదు. చెప్పుల నోటీసు కిందే చెప్పులు వరసగా ఉండేవి. కొత్తగా వచ్చిన చుట్టాలైతే దూరం నుంచి ఆ బోర్డు చూసి, చెప్పులు విడిచే చోటు అదేనని అక్కడే వదిలేవారు. "రాసింది చదవరు, చదివింది పాటించరు" అని మా అక్క దగ్గర వాపోయేవారు బావగారు. అక్క ఊ కొట్టి, వడియాలు తిరగేయడానికి టెర్రస్ మీదికి వెళ్లిపోయేది.

అటువంటి మనిషి కంట విండోస్ రిజిస్ట్రీ పడింది. కంప్యూటర్ ఎలా నడుచుకోవాలో విండోస్ రాసిపెట్టుకునే చిట్టా అది.

సంఘం గదిలో ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ఉంది. నీళ్ల ట్యాంకర్ల బిల్లులు, మెయింటెనెన్స్ లెక్కలు, మోటారు రివైండింగ్ రసీదులు, అన్నీ దాని డి డ్రైవులో ఉంటాయి. సెలవు రోజుల్లో పిల్లలు ఆ గదిలో చేరి ఆటలు ఆడుకుంటారు. ఒకసారి ఎవరి చెయ్యి తగిలిందో, ట్యాంకర్ బిల్లుల ఫోల్డర్ వెళ్లి వినాయక చవితి ఫొటోల ఫోల్డర్‌లో కూర్చుంది. ట్రెజరర్ గారు పూటంతా వెతికారు. ఆవిడ జంతుశాస్త్రం లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. కప్పను కోసినంత ఓపికగా వెతికి, నిమజ్జనం ఫొటోల నడుమ బిల్లులు పట్టుకున్నారు.

డి డ్రైవును పిల్లల కంట పడకుండా దాచాలని బావగారు ఆ రోజే తీర్మానించారు. యూట్యూబ్‌లో ఒక కుర్రవాడు దారి చూపించాడు. విండోస్ గుర్తు మీట, ఆర్ అక్షరం కలిపి నొక్కాలి. వచ్చిన చిన్న పెట్టెలో రెజ్‌ఎడిట్ అని కొట్టాలి.

తెరుచుకున్న రిజిస్ట్రీని చూసి మామూలు మనుషులెవరైనా భయపడి మూసేస్తారు. ఎడమవైపు ఐదు పెద్ద శాఖలు, పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో: హెచ్‌కీ క్లాసెస్ రూట్, హెచ్‌కీ కరెంట్ యూజర్, హెచ్‌కీ లోకల్ మెషీన్, అలా. ఒక్కోదాన్ని తెరిస్తే లోపల ఉపశాఖలు, వాటిలో మరో నాలుగు అంతస్తులు. చివరికెక్కడో ఒక పేరు, దాని పక్కన ఒక సున్నా. బావగారికి మాత్రం కళ్లు చెమర్చాయి. "అచ్చం మా రికార్డు గదిలా ఉందయ్యా" అన్నారు నాకు ఫోన్ చేసి.

నేను కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి కాబట్టి కాస్త భయపెడదామని చూశాను. వెనకటి విండోస్‌లో ఈ వివరాలన్నీ విడివిడిగా ఐఎన్ఐ ఫైళ్లలో ఉండేవని, 1992లో విండోస్ 3.1తో రిజిస్ట్రీ చిన్నగా మొదలైందని, విండోస్ 95 నాటికి కంప్యూటర్ నడవడికంతా అందులోకే చేరిందని, అక్కడ సేవ్ బొత్తాం గానీ అన్‌డూ గానీ ఉండవని, మార్చింది మార్చినట్టే నమోదవుతుందని చెప్పాను.

"ముందు ఎక్స్‌పోర్ట్ నొక్కి నకలు తీసి పెట్టుకోండి బావగారూ."

"నకలు ఎందుకయ్యా? నేను తీసేస్తున్నది ఏమీ లేదు. కొత్తవి చేరుస్తున్నాను, అంతే."

రేషన్ కార్డు జిరాక్సుకు కూడా జిరాక్సు తీయించే మనిషి ఆయన.

చేర్చడమన్నమాట నిజమే. పాలసీస్ అనే శాఖ కింద, ఎక్స్‌ప్లోరర్ అనే ఉపశాఖలో, ఫలానా పేరుతో కొత్త విలువ ఒకటి సృష్టించి 1 అని వేస్తే చాలు, కంప్యూటర్ ఫలానా పని మానేస్తుంది. ఆ పేర్లన్నీ నిషేధాలే. నోడెస్క్‌టాప్, నోక్లోజ్, నోరన్, నోడ్రైవ్స్. 1 వేస్తే వద్దు అన్నది అమల్లోకి వస్తుంది. 0 వేస్తే వద్దు అన్నది వద్దు. ఈ లెక్క నాకే అప్పుడప్పుడు తికమకగా ఉంటుంది. "అనుమతించకపోవుటకు అభ్యంతరము లేదు" అని ముప్పై ఏళ్లు నోట్ ఫైళ్లు రాసిన బావగారికి పాలు తాగినంత సులువుగా ఎక్కింది.

చేయి అలవాటు కావడానికి ముందు మెనూ షో డిలే అనే చిన్నదాన్ని ముట్టుకున్నారు. మౌసు పెట్టాక ఉపమెనూ తెరుచుకోవడానికి విండోస్ మామూలుగా 400 మిల్లీసెకన్లు ఆగుతుంది. అందరూ దాన్ని తగ్గించుకుంటారు. బావగారు 4000 చేశారు. నాలుగు సెకన్లు ఆగితే పిల్లలకు ఆలోచన వస్తుందని ఆయన వాదన. పిల్లలు ఆగలేదు, క్లిక్ చేసి వెంటనే తెరిచేశారు. మౌసు అక్కడే పెట్టి, కళ్లజోడు సవరించుకుంటూ ఎదురుచూసింది ట్రెజరర్ గారొక్కరే.

తరవాత అసలు పని. నోడ్రైవ్స్ అని చేర్చారు. ఏ, బి, సి, డి. డి నాలుగోది కాబట్టి 4 వేశారు. లాగాఫ్ చేసి మళ్లీ వచ్చి చూస్తే డి డ్రైవు నిక్షేపంగా ఉంది. సి డ్రైవు లేదు.

"విండోస్ ఉండేది సి లోనే కదా? అదే పోతే ఇది ఎలా నడుస్తోంది?" అని ఫోన్‌లో ఆయన గొంతు వణికింది. పోలేదని, కనబడటం లేదని సర్దిచెప్పాను. ఇక్కడ లెక్క వరస సంఖ్య కాదు, రెట్టింపు. ఏ అంటే 1, బి అంటే 2, సి అంటే 4, డి అంటే 8, ఇ అంటే 16. రెండు మూడు దాచాలంటే వాటిని కూడి వేయాలి. బావగారు 8 వేశారు. సి వచ్చింది, డి మాయమైంది.

ఆ ఆనందం సాయంత్రం దాకా నిలిచింది. ట్రెజరర్ గారి మనవడు ఎనిమిదో తరగతి. వాడు వచ్చి, అడ్రస్ గడిలో డి అని కొట్టి, పక్కన రెండు చుక్కలు పెట్టి ఎంటర్ నొక్కాడు. డి డ్రైవు మొత్తం కళ్లముందు పరుచుకుంది.

"మీరు దాచారు గానీ తాళం వేయలేదు తాతగారూ" అన్నాడు వాడు మర్యాదగానే.

ఆ మర్యాదే బావగారిని ఎక్కువ నొప్పించింది. యూట్యూబ్ కుర్రవాడు చెప్పిన మరో సంఖ్య ఆయన డైరీలో ఉంది: 67108863. ఏ నుంచి జెడ్ దాకా ఇరవయ్యారు డ్రైవులనూ దాచేసే మొత్తం అది. దాన్ని తప్పు లేకుండా ఎక్కించారు. అయితే ఆ పెట్టెలో అంకె వేసే గడి పక్కనే హెక్సాడెసిమల్, డెసిమల్ అని రెండు గుండ్రాలు ఉంటాయి, చుక్క మొదటిదాని మీదే ఉంటుంది. ఎనిమిది అంకెలూ ఆ గడిలో చక్కగా పట్టాయి, కంప్యూటర్ మారు మాట్లాడలేదు. పదహారు ఆధారంగా చదివితే అది పూర్తిగా వేరే సంఖ్య. ఏ, బి, ఎఫ్, జి, ఎల్, పి, యు, వై, జెడ్ దాని కిందికి వచ్చాయి. సి, డి హాయిగా బయటే ఉన్నాయి. అంటే కంప్యూటర్‌లో లేనే లేని ఎనిమిది డ్రైవులూ, ఉన్న ఒక్క ఎఫ్ డ్రైవూ అదృశ్యమయ్యాయి.

ఎఫ్ అంటే ట్రెజరర్ గారి పెన్‌డ్రైవు.

ఆవిడ దాన్ని పెట్టి తీసి, ఊది, పైట చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టి, చచ్చిపోయిందని నిర్ధారించారు. కొత్తది కొన్నారు. అదీ కనబడలేదు. దుకాణానికి వెళ్లి గట్టిగా అడిగితే, అతను తన కంప్యూటర్‌లో పెట్టి చూపించాడు, భేషుగ్గా పనిచేసింది. "మీ మిషన్‌కే ఏదో అయింది మేడమ్" అన్నాడు. ఆవిడ బావగారి దగ్గరికి వచ్చి ఏమీ అనలేదు. కళ్లజోడు పైనుంచి కాసేపు చూసి వెళ్లారు.

ఇక్కడే ఆపేస్తే బావగారు ఎందుకవుతారు? సర్వసభ్య సమావేశం దగ్గరపడుతోంది. లెక్కలు ఎవరూ కదిలించకూడదు. గుండ్రాల సంగతి కనిపెట్టి అసలు సంఖ్యను డెసిమల్‌లోనే వేశారు. మనవడి చుక్కల దారి మూసేందుకు నోవ్యూఆన్‌డ్రైవ్ అనే మరో విలువ చేర్చి దానికీ అదే సంఖ్య ఇచ్చారు. డెస్క్‌టాప్ మీది బొమ్మలు కనబడకుండా నోడెస్క్‌టాప్. ఎవరూ ఆపేయకుండా నోక్లోజ్. ఎక్సెల్‌లో ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా తుడిచేశారు. లాగిన్‌కు ముందు ఒక ప్రకటన చూపే వెసులుబాటు కూడా రిజిస్ట్రీలో ఉంది, లీగల్ నోటీస్ అంటారు. ఇన్నేళ్లలో ఆయన రాసిన నోటీసుల్లో జనం చదివి తీరవలసిన మొదటి నోటీసు అదే. సరే అని నొక్కనిదే ముందుకు పోనివ్వదు. ఆఖరున, తన తరవాత ఇంకెవరూ వచ్చి వీటిని మార్చకుండా డిజేబుల్ రిజిస్ట్రీ టూల్స్ అని చేర్చి 1 వేశారు.

ఆదివారం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నేనూ అక్కావాళ్ల ఇంటికి భోజనానికి వచ్చి, మర్యాదకు వెనక వరసలో కూర్చున్నాను. 302 ఆయన తన ఇంటి టీవీ దింపించి కంప్యూటర్‌కు తగిలించారు. మెయింటెనెన్స్ పెంచే తీర్మానం ఉంది కాబట్టి, వేసవి ట్యాంకర్ల బిల్లులు చూపించమన్నదీ ఆయనే. ముందు టీవీ మీద నోటీసు వచ్చింది: "హెచ్చరిక. ఇది సంఘం ఆస్తి. అనుమతి లేనివారు దీనిని తాకరాదు, చూడరాదు." చూస్తున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

బావగారు సరే నొక్కారు. నీలం గోడ వచ్చింది. దాని మీద ఏమీ లేదు. కుడి మీట నొక్కారు, ఏమీ రాలేదు. ఫైళ్ల కిటికీ తెరిచారు, ఒక్క డ్రైవూ లేదు. నుదుటి మీద చెమట పట్టింది. మనవడి చిట్కాను తానే ప్రయోగించి డి, రెండు చుక్కలు కొట్టారు. ఈ కంప్యూటర్‌పై ఆంక్షలు ఉన్నందున పని రద్దయిందనీ, సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించమనీ సమాధానం వచ్చింది.

"ఆంక్షలు తీసేస్తే సరి" అని గంభీరంగా ప్రకటించి రెజ్‌ఎడిట్ కొట్టారు. రిజిస్ట్రీని సవరించే వీలును మీ అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారని ఆ పెద్ద టీవీ మీద పడింది.

బావగారికి నిజంగానే కోపం వచ్చింది. "ఎవరీ అడ్మినిస్ట్రేటర్? కార్యదర్శిని అడగకుండా నిలిపివేయడానికి ఆయనెవరు?"

నేను వెనక నుంచి లేచి వెళ్లి ఆయన చెవిలో, "మీరే బావగారూ" అన్నాను.

చెవిలో చెప్పానని నేననుకున్నాను. సంఘం మైకు ఆయన చొక్కాకే ఉంది.

సెల్లార్ అంతా పడీపడీ నవ్వుతుంటే మనవడు ముందుకొచ్చాడు. బావగారు పెట్టిన నిషేధాలన్నీ కరెంట్ యూజర్ శాఖ కిందివి, అంటే ఆయన ఖాతాకు మాత్రమే చెల్లుతాయి. బ్యాంకులో ఇద్దరి సంతకాలు ఉన్నట్టే ఇక్కడా ఇద్దరికి పెత్తనం ఉండాలని, కంప్యూటర్ కొన్న రోజునే ట్రెజరర్ పేరిట రెండో ఖాతా తెరిపించారు. ఆవిడ దాన్ని ఎన్నడూ వాడలేదు. "అమ్మమ్మా, నీ పేరుతో వెళ్దాం" అన్నాడు వాడు. లాగాఫ్ చేయగానే నోటీసు మళ్లీ వచ్చింది. అది మొత్తం యంత్రానికి వర్తించేది. ఈసారి సభ్యులందరూ ముక్తకంఠంతో చదివారు: తాకరాదు, చూడరాదు.

ట్రెజరర్ గారి ఖాతాలో సి ఉంది, డి ఉంది, బిల్లులు ఉన్నాయి. లెక్క రూపాయితో సహా సరిపోయింది. అయినా బిల్లులు చూసే ఓపిక అప్పటికి ఎవరికీ మిగల్లేదు. మెయింటెనెన్స్ పెంపు ఒక్క అభ్యంతరం లేకుండా ఆమోదం పొందింది. సంఘం చరిత్రలో అలా జరగడం అదే మొదలని 302 ఆయనే అన్నారు. బావగారు దాన్ని తన చలవగా మినిట్స్‌లో రాసుకున్నారు.

మర్నాడు అమ్మమ్మా మనవడూ కూర్చుని మరమ్మతు చేశారు. బావగారి ఖాతా నిషేధాలన్నీ ఆయన ఫోల్డర్‌లో దాగి ఉండే ఎన్‌టీయూజర్ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి. ఆయన లాగిన్ అయి లేనప్పుడు ఆ ఫైల్ను మరో ఖాతా నుంచి రిజిస్ట్రీలోకి ఎక్కించి దిద్దవచ్చు. అది ఫోన్‌లో వెతికి పట్టుకుంది మనవడే. డ్రైవులు తిరిగొచ్చాయి, డెస్క్‌టాప్ నిండింది, మెనూ 400కు దిగింది, పెన్‌డ్రైవులు రెండూ బతికాయి.

రెండు రోజుల తరవాత బావగారు ఒకసారి సరిచూద్దామని రెజ్‌ఎడిట్ కొట్టారు. సవరించే వీలును మీ అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారని వచ్చింది. అన్నీ తీసిన ట్రెజరర్ గారు ఆ ఒక్క 1 మాత్రం అలాగే ఉంచారు.

ఈసారి అడ్మినిస్ట్రేటర్ తాను కాదని ఆయనకు తెలిసిపోయింది. ఏ నిబంధన కింద ఈ చర్య తీసుకున్నారో తెలుపవలసిందిగా ట్రెజరర్ గారికి లేఖ రాసి, నకలు తన దగ్గర పెట్టుకుని, వాచ్‌మన్‌తో పంపించారు. అదే కాగితం మూల మీద "పరిశీలించబడును" అని రాసి, సంతకం చేసి, తేదీ వేయకుండా ఆవిడ వెనక్కి పంపారు.