అంటార్కిటికా ఓడ ప్రయాణం: ఆ మెసేజ్‌లో ఏది నిజం?

హన్మకొండలో మా వాకింగ్ మిత్రుల ఫోన్లలో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "అంటార్కిటికా ఎవరిదీ కాదు. వీసా అక్కర్లేదు, పర్మిషన్ అక్కర్లేదు. డబ్బు కడితే లగ్జరీ ఓడ నేరుగా దక్షిణ ధ్రువానికి తీసుకెళ్తుంది. మంచు మీద ఎక్కడైనా దిగొచ్చు, గుర్తుగా రాయి తెచ్చుకోవచ్చు. 2048లో ఒప్పందం ముగిసి తవ్వకాలు మొదలవుతాయి, ఆలోపే చూసి రండి" అని అందులో ఉంది. మా బావ సింగరేణిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. "ఏం బామ్మర్దీ, మీ అక్కను తీసుకొని పోయొస్త, ఏమంటవ్?" అని ఆయన అడిగాక నేను ఊరుకోలేకపోయాను. అవి గనిలో చెమటోడ్చి దాచుకున్న పైసలు.

వీసా సంగతి సగమే నిజం. అంటార్కిటికాకు వీసా ఇచ్చే ఆఫీసు లేదు. కానీ ఓడలు ఎక్కువగా బయల్దేరేది అర్జెంటీనా కొసన ఉన్న ఉషువాయా రేవు నుంచి. ముందు ఆ దేశం మనల్ని రానివ్వాలి. ఇక "ఎవరిదీ కాదు" అన్నమాట. ఏడు దేశాలు అక్కడి నేల తమదని అంటున్నాయి. 1959 డిసెంబర్ 1న 12 దేశాలు చేసుకున్న ఒప్పందం ఆ తగాదాను పక్కన పెట్టించింది. మన దేశం 1983లో అందులో చేరింది. మైత్రి, భారతి అనే మన పరిశోధనా కేంద్రాలు అక్కడ పనిచేస్తున్నాయి. మన దేశం నుంచి గానీ ఒప్పందంలోని మరో దేశం నుంచి గానీ అనుమతి లేకుండా అక్కడికి వెళ్లకూడదని 2022లో మన పార్లమెంటు చట్టమే చేసింది.

ధ్రువానికి ఏ ఓడా వెళ్లదు. అది సముద్రంలో లేదు. ఖండం నడిమధ్య, దాదాపు 2,800 మీటర్ల ఎత్తున, మంచు పీఠభూమి మీద ఉంది. ఓడలు ఆగేది ఉత్తరాన ముక్కులా పొడుచుకొచ్చిన ద్వీపకల్పం దగ్గర. అక్కడి నుంచి ధ్రువం ఇంకా 2,800 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంటే దాదాపు వరంగల్ నుంచి రైల్లో ఢిల్లీ పోయి వచ్చేంత దూరం.

ఎక్కడంటే అక్కడ దిగడమూ కుదరదు. 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అసలు ఎవరినీ దించకూడదు. చిన్న ఓడలైనా ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దించవు. మిగతావాళ్లు ఓడలోనో రబ్బరు పడవల్లోనో తమ వంతు కోసం ఆగాలి. దిగేముందు బూట్లు, బ్యాగులు, జేబుల అంచులు కూడా శుభ్రం చేయిస్తారు, బయటి విత్తనం ఒక్కటి కూడా అక్కడ పడకూడదని. పెంగ్విన్‌కు కనీసం 5 మీటర్ల దూరంలో ఉండాలి.

రాయి మాట నన్ను ఎక్కువగా బాధపెట్టింది. బావ ఇంట్లో షోకేసులో నల్లటి షేల్ రాయి ముక్క ఒకటి ఉంది. దాని మీద నాలుకలాంటి ఆకు ముద్ర. గ్లాసోప్టెరిస్ అనే చెట్టుది. మన గోదావరి లోయ బొగ్గు అలాంటి అడవుల నుంచే వచ్చింది. అదే ఆకు ముద్రలు అంటార్కిటికా రాళ్లలోనూ ఉన్నాయి. ఒకప్పుడు ఆ నేల, మన నేల గోండ్వానా అనే ఒకే ఖండంలో ఉండేవనడానికి అదొక బలమైన ఆధారం. 1912లో ధ్రువం చేరి తిరిగొస్తూ బ్రిటన్ అన్వేషకుడు స్కాట్ బృందం మంచులో ప్రాణాలు వదిలింది. ఆ చివరి రోజుల్లో కూడా వాళ్లు దాదాపు 16 కిలోల రాళ్లను స్లెడ్జిబండి మీద లాగుతూనే ఉన్నారు. వాటిలో ఈ ఆకు ముద్రలు దొరికాయి. రాయి ఎక్కడ దొరికిందో తెలిస్తేనే దాని చరిత్ర చదవగలం. తలా ఒకటి జేబులో వేసుకుంటే చదవడానికి అక్కడ ఏం మిగులుతుంది? ఇప్పుడు ఏటా లక్ష మందికి పైగా టూరిస్టులు వెళ్తున్నారు. రాయి, ఎముక, ఈక, గుడ్డు ఏదీ తీసుకురాకూడదు.

2048 గడువు కూడా అబద్ధమే. 1991లో మాడ్రిడ్‌లో కుదిరి 1998లో అమల్లోకి వచ్చిన ఒప్పందం గనుల తవ్వకాన్ని నిషేధించింది. దానికి ముగింపు తేదీ లేదు. 2048 తర్వాత సమీక్ష సమావేశం కావాలని ఒక సభ్యదేశం అడగవచ్చు, అంతే. నిషేధం ఎత్తేయాలంటే చాలా కఠినమైన షరతులు దాటాలి. గడువు భయం చూపి జనాన్ని తొందరపెట్టడం తప్పు.

మెసేజ్ చెప్పనివి ఇంకా ఉన్నాయి. ఓడల పొగలోని మసి మంచు మీద పడితే అది ఎండను ఎక్కువగా పీల్చుకొని తొందరగా కరుగుతుంది. బొగ్గు పొడి పడిన నల్లబట్ట ఎండలో ఎలా కాలుతుందో గోదావరిఖనిలో ఎవరినడిగినా చెప్తారు. 2016 నుంచి 2020 వరకు ఒక్కో సందర్శకుడి వల్ల దాదాపు 83 టన్నుల మంచు ముందుగా కరిగిందని 2022లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

ఉషువాయా నుంచి దక్షిణ అమెరికాకు, అంటార్కిటికాకు మధ్య ఉన్న డ్రేక్ జలసంధి దాటడానికే సుమారు రెండు రోజులు, రావడానికి మరో రెండు. అలలు భయంకరంగా ఉండొచ్చు. 2007 నవంబర్‌లో ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ అంటార్కిటికా దగ్గర మంచుకు తగిలి మునిగింది. అందులోని 154 మందీ పడవల్లో గంటల తరబడి గడ్డకట్టే చలిలో ఉన్నాక, దగ్గర్లోని మరో ఓడ వచ్చి రక్షించింది. ఓడలో డాక్టర్ ఉంటారు, ఆసుపత్రి మాత్రం సముద్రం అవతల. బావకు గుండెలో రెండు స్టెంట్లున్నాయి.

వెళ్లొద్దని నేను అనలేదు. ముందు గుండె డాక్టర్‌ను అడుగుదామన్నాను. తర్వాత ఏజెంటును ఓడలో ఎంతమంది ఉంటారో, ఎన్నిసార్లు దించుతారో, అత్యవసరమైతే తరలించే ఇన్సూరెన్స్ ఉందో లేదో కాగితం మీద రాసిమ్మని అడుగుదామన్నాను. బావ సరేనన్నారు. బుధవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.