మెట్లు లేని సముద్రం

2022 ఏప్రిల్ 4న తిరుపతికి సముద్రం వచ్చింది. ఉప్పెనా రాలేదు, తుపానూ రాలేదు. జిల్లాలు విడగొట్టారు, అంతే. ముందురోజు రాత్రి కొండ కింద పడుకున్న మేము తెల్లారి లేచేసరికి తూపిలిపాళెం తీరం, పులికాట్ సరస్సు, శ్రీహరికోట రాకెట్లూ మా లెక్కలో పడ్డాయి. చిత్తూరు వాళ్లకు ఆ యోగం లేదు. వాళ్లకు మామిడి తోటలున్నాయిలే.

ఇంటికొచ్చిన సముద్రాన్ని వాడకుండా పెట్టుకోవడం మర్యాద కాదు గనుక, సంక్రాంతి సెలవుల ఆఖరి రోజు ఇంటిల్లిపాదీ తీరం వెంబడి నడవాలని చిన్నాయన తీర్మానించాడు. కనుమ నాడు తిన్న నాటుకోడి అరగాలంట. పదకొండు మందిమి, రెండు కార్లలో, నడవడానికి వంద కిలోమీటర్లు కూర్చుని పోయాం.

అక్కడే అసలు సమస్య మొదలైంది. తిరుపతి వాళ్లకు నడక అంటే పైకి పోవడం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిలో 2,388. ఎన్ని ఎక్కాం, ఎన్ని మిగిలాయి అని ఒక లెక్క. గాలిగోపురం దగ్గర ఆగొచ్చు, మోకాళ్ల పర్వతం దగ్గర ఏడవొచ్చు. ఇక్కడ చూస్తే అంతా సమతలం. "ఎంతదూరం నడవాల్రా?" అని పెదనాయన అడిగాడు. "నడిచినంత" అన్నాడు చిన్నాయన. రిటైరైన ఆఫీసరుతో అనాల్సిన మాటేనా అది?

అవ్వ చెప్పులు విడిచి కవరులో చుట్టి, "యాడ పెట్టాలబ్బా? టోకెన్ యాడిస్తారు?" అని చుట్టూ చూసింది. ఎవరూ ఇవ్వలేదు. సంచిలోంచి పసుపూ కుంకుమా తీసి మొదటి మెట్టు కోసం వెతికింది. మెట్టు లేదు. వంగి తడి ఇసుకకే పసుపు రాసి, నడుమ బొట్టు పెట్టింది. అల వచ్చి బొట్టును నున్నగా తుడుచుకుపోయింది. "చూస్తివా, తీసుకునింది" అంది సంతోషంగా. ఆ రోజు మొత్తానికి పని జరిగింది ఆమెకొక్కదానికే.

ఇక అలల క్రమశిక్షణ గురించి చెప్పకపోవడమే మేలు. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, ముందొచ్చిన దాని మీదే పడతాయి. గంటలకొద్దీ కంపార్టుమెంట్లలో కూర్చున్న జాతికి ఇది చూడటం కష్టం. పెద్దలు ఆలోచించి తీరానికి ఒక క్యూలైనూ, కనీసం నూటెనిమిది మెట్లూ మంజూరు చేయాలి. ఎక్కి మళ్లీ దిగినా పర్లేదు.

చిత్రాన్నం ఇసుకతో కలిపి తిన్నాం. పిల్లలు హోంవర్కు గుర్తొచ్చి ఏడ్చారు. చిన్నాయన మాత్రం ఫోను చూసుకుని దిగులుపడ్డాడు: 1,912 అడుగులు. "శ్రీవారిమెట్టుకు ఇంకా 476 తక్కువ" అన్నాడు. దారి పొడవునా ఇంకో మాట లేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఆయాసపడుతూ "గోవిందా" అనడం వినపడింది. తలుపు తీశాను. లిఫ్టు పక్కన మెట్ల మీద చిన్నాయన, చెప్పులు చేతిలో పట్టుకుని, లెక్కపెట్టుకుంటూ.