మహారాజశ్రీ టెంటు సంచీ గారికి

మహారాజశ్రీ టెంటు సంచీ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ మేమందరం కుశలం అని మొదలుపెడదామనుకున్నాను. చెయ్యి రావడం లేదు. మా ఆయనకి నడుం పట్టేసింది, మంచం మెత్తగా ఉందని హాల్లోనే నేలమీద ఏదో పరుచుకుని, దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నా కుడిచేతి బొటనవేలి గోరు సగానికి విరిగింది. మా అమ్మాయి నిన్న సాయంత్రం నుంచి మా ఇద్దరినీ ఒకలాంటి జాలితో చూస్తోంది. మీరు మాత్రం హాలు మధ్యలో నోరు తెరుచుకుని, ఏమీ ఎరగనట్టు పడి ఉన్నారు. మీ పక్కన మీ కడుపులో ఉండాల్సిన టెంటు ఉంది. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు.

సంగతి మీకు తెలిసిందే. వచ్చే శుక్రవారం సరస్సు ఒడ్డున క్యాంపింగ్‌కి ప్రయాణం. వెళ్లేముందు టెంటు ఒకసారి ఇంటిదగ్గరే వేసి చూసుకోవాలని, కుట్లమీద టేపు ఊడిందేమో, పోల్ ఎక్కడైనా చిట్లిందేమో, జిప్పు నడుస్తోందో లేదో చూడాలని అనుభవమున్న వాళ్లంతా చెబుతారు. మంచి సలహా. నిన్న మధ్యాహ్నం రెండింటికి టెంటు బయటికి తీశాం. ఇరవై నిమిషాల్లో నిలబెట్టాం. అన్నీ చూశాం, అన్నీ బాగానే ఉన్నాయి. రెండున్నరకి మా ఆయన "సరే, సర్దేద్దాం" అన్నారు.

ఆరున్నరకి లైటు వేశాం.

ఆ నాలుగు గంటల గురించే ఈ ఉత్తరం.

మీ కోసం, అంటే మీరు మోయాల్సిన టెంటుకి చోటు కోసం, నేను నెలరోజులు పడ్డ పాట్లు మీకు తెలియవు. ఈసారి కొత్త చోటికి వెళ్దామని చదవడం మొదలుపెట్టాను. సరస్సున్న నేషనల్ పార్కుల్లో టెంటుకి ఎన్ని పేచీలో! క్రొయేషియాలో ప్లిట్విట్సే సరస్సులు పదహారు, మెట్లు దిగినట్టు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. లోపల టెంటు వేయనివ్వరు, పార్కు బయట ఎక్కడో వేసుకుని పొద్దున్నే వెళ్లిరావాలి. స్కాట్లండ్‌లో లోమండ్ సరస్సు పార్కులో 2017 నుంచి మార్చి, సెప్టెంబరు నెలల మధ్య చాలా ఒడ్లమీద పర్మిట్ లేకుండా టెంటు వేయకూడదు. ఎల్లోస్టోన్ అయితే 1872 నుంచి నేషనల్ పార్కు, పార్కులన్నిటికీ పెద్దక్క. అక్కడి సరస్సు ఉత్తరపు ఒడ్డున ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర క్యాంపు ఉంది కానీ అందులో గట్టి గోడలున్న బళ్లకే ప్రవేశం. గుడ్డ టెంటు కుదరదు. కారణం గ్రిజ్లీ ఎలుగుబంట్లు. మణిపూర్‌లో లోక్‌తక్ సరస్సులోని కైబుల్ లమ్‌జావ్ పార్కులో అసలు నేలే నీళ్లమీద తేలుతూ ఉంటుంది. గడ్డీ వేర్లూ మట్టీ కలిసి అట్టకట్టిన తెప్ప అది. అక్కడ మేకు కొడితే ఎక్కడికి దిగుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంత చదివి, చివరికి పోయినేడు వెళ్లిన సరస్సుకే మళ్లీ బుక్ చేశాను. బుకింగ్ తెరుచుకున్న పొద్దున ఫోన్ చేతిలో పట్టుకుని నేను పడ్డ టెన్షన్ ఇక్కడ రాయను. ఆ బుకింగ్ వెబ్‌సైటుకి వేరే ఉత్తరం బాకీ ఉన్నాను. మొత్తానికి అన్నిటినీ ఒప్పించాను. పార్కు వాళ్లని, సెలవు ఇవ్వని ఆఫీసుని, నీళ్లంటే భయపడే మా ఆయనని. మీ ఒక్కరి దగ్గరే నా ఒప్పించడం చెల్లలేదు.

మొదటి ప్రయత్నం మర్యాదగానే చేశామా లేదా? పోల్స్ మడిస్తే ఎంత పొడవుంటాయో గుడ్డని అంత వెడల్పుకి మడవాలి, అప్పుడే సంచీలోకి వెళ్తుందని సూత్రం. టేపు పెట్టి కొలిచాను. దుప్పటి మడిచినట్టు ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, దగ్గరికి నడిచి, అంచుకి అంచు కలిపి, మళ్లీ వెనక్కి నడిచి మడిచాం. మా పెళ్లయ్యాక మేమిద్దరం అంత పొందిగ్గా చేసిన పని ఇంకోటి లేదు. తీరా చూస్తే మడత గేదెదూడంత ఉంది.

రెండోసారి చుట్టాం. ఇక్కడ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాను. టెంటు తలుపు జిప్పు వేసి ఉంచి చుట్టాం. నీళ్లు లోపలికి రాకుండా పూత పూసిన గుడ్డ గాలిని మాత్రం బయటికి ఎందుకు పోనిస్తుంది? చుట్టేకొద్దీ గాలి ముందుకి జరిగి జరిగి, చివరికి రెండో కొసన ఊదిన దిండులా నిలబడింది. మా ఆయన దానిమీద మోకాళ్లు వేశారు. అది ఆయన్ని మెల్లిగా పక్కకి దించింది. మూడోసారి జిప్పులన్నీ తెరిచి, తలుపుకి ఎదురు కొస నుంచి చుట్టుకుంటూ వచ్చాం. గాలి తలుపులోంచి పోయింది, నిజమే. మా అమ్మాయి "అమ్మా, నేనెక్కి కూర్చోనా?" అని అడిగి, జవాబు చెప్పేలోపే ఎక్కింది. ముగ్గురం కలిసి తోస్తే ముప్పాతిక వంతు వెళ్లింది. మిగతా పావు, పోల్స్, మేకుల తిత్తి బయట. మీ బొందు లాగితే నా చేతికి వచ్చింది, దాంతోనే గోరూ విరిగింది.

అప్పుడు మా ఆయన ఒక మాటన్నారు. "ఎలా మడవాలో ఎక్కడో రాసే ఉంటుందోయ్."

రాసే ఉంది. మీ లోపల! మీ కడుపులో, అడుగుకి దగ్గరగా, తెల్ల పట్టీ మీద అచ్చువేసి కుట్టారు. సంచీ గారూ, మీరే చెప్పండి. సంచీ ఖాళీగా ఉంటేనే అది చదవగలం. నింపడం మొదలుపెట్టిన మరుక్షణం ఆ చదవాల్సినది టెంటు కిందకి పోతుంది. ఎవరికోసం కుట్టారు దాన్ని? టెంటు చదువుకోడానికా? సరే, ముప్పాతిక వంతు ఎక్కించినదంతా మళ్లీ బయటికి లాగి, మిమ్మల్ని తిరగేసి, కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఆరు బొమ్మలున్నాయి. మొహం లేని ఒక మనిషి. నాలుగో బొమ్మలో టెంటు నేలమీద పరిచి ఉంది. అయిదో బొమ్మలో సంచీలో ఉంది. నాలుక్కీ అయిదుకీ మధ్య ఒక సన్న గీత ఉంది చూడండి, మా మధ్యాహ్నమంతా అందులోనే పోయింది.

మిమ్మల్ని తిరగేసినప్పుడు ఇంకోటి కూడా జరిగింది. మీ అడుగు నుంచి గలగలా రాళ్లు రాలాయి. ఏడు. నున్నగా, బల్లపరుపుగా ఉన్నాయి, ఒకటి కాస్త పచ్చగా ఉంది. "అవి నావే" అంది మా అమ్మాయి. పోయినేడు ఒడ్డున ఏరి, టెంటు పెట్టేముందే అడుగున దాచిందట. దొరికిన వాటిని దొరికినచోటే వదలాలని అక్కడి బోర్డు మీద రాసి ఉంది. ఆ బోర్డు ముందు నిలబడి ముగ్గురం ఫొటో కూడా దిగాం.

అంటే ఏమిటి? ఏడాదిపాటు ఏడు రాళ్లకి చోటిచ్చావు. రాళ్లకి! నువ్వు పుట్టిందే టెంటు మోయడానికి, దానికి మాత్రం నీ దగ్గర చోటు లేదు.

అవును, నువ్వే అంటున్నాను. గారూ గీరూ అయిపోయింది.

అసలు నిన్ను కుట్టినవాడికి ఇంకో జానెడు గుడ్డ వేస్తే ఏం పోయేది? అయిదు కిలోల టెంటుకి ఆ జానెడు గుడ్డ బరువెంత? నాకు తెలుసు ఎందుకు వేయలేదో. నీ మీద అట్ట కట్టి 'మడిస్తే ఇంతే' అని కొలత రాయాలి. షాపులో నా బోటిది చూసి, అబ్బ, ఇంత చిన్నదా, కారు డిక్కీలో ఓ మూల పడేయొచ్చు అనుకోవాలి. ఫ్యాక్టరీలో గాలంతా పిండి నీలోకి ఎక్కించి ఉంటారు. ఆ ఒక్కసారే నువ్వు సరిపోయింది. బయటికి వచ్చిన రోజునే నీ మాట అబద్ధమైంది. స్లీపింగ్ బ్యాగు సంచీ, గాలిపరుపు సంచీ, అన్నీ నీ చుట్టాలే, అందరిదీ ఇదే వంశాచారం. 'నలుగురి టెంటు' అని రాసినవాడు కూడా మీ వంశంవాడే అయ్యుంటాడు. ఒక్కొక్క మనిషికి అరమీటరు చాప వెడల్పు లెక్కేశాడు వాడు. నలుగురూ శవాసనం వేసి తెల్లారేదాకా కదలకపోతే సరిపోతుంది. మేం ముగ్గురం, ముగ్గురికే పోయినేడు ఒకరి మోచెయ్యి ఇంకొకరి చెవిలో ఉంది.

అయినా ఇంట్లో పట్టకపోతే ఒకలా ఉంటుంది. నాకు భయం ఇప్పటి గురించి కాదు, వచ్చే సోమవారం పొద్దుటి గురించి. పదకొండింటికల్లా టెంటు వేసిన సైటు ఖాళీ చేయాలి. రాత్రంతా ముగ్గురం వదిలిన ఊపిరి చల్లటి గుడ్డకి తగిలి లోపల చెమరుస్తుంది, బయట మంచు పడుతుంది. టెంటు నీటికి 200 అడుగుల దూరంలో వేయమంటారు, వేస్తాం. అది సరస్సు మేలు కోసం, తేమకి ఆ రూలు ఎవరూ చెప్పలేదు. తడిసిన గుడ్డని అలాగే కుక్కి ఇంట్లో పడేస్తే బూజు పడుతుంది, పూత కుళ్లి బంకబంకగా అయిపోతుంది. అందుకని ఆరబెట్టాలి. ఎండెక్కేసరికి సరస్సు మీంచి గాలి మొదలవుతుంది. ఆ గాలిలో, టెంటు మీద వానకి కప్పే రెయిన్‌ఫ్లై మడవడమంటే తెరచాప విప్పుకుని ఒడ్డున పరిగెత్తడమే. పోయినేడు మా ఆయన పక్క సైటు దాకా వెళ్లొచ్చారు. వాళ్లు ఆయనకి కుర్చీ కూడా వేశారు, పాపం మంచివాళ్లు. ఆ రోజు నిన్నెలా నింపామో ఇప్పటికీ మాకు అంతుపట్టదు. నీ నోరు మూయకుండా, సగం టెంటు వేలాడుతూనే ఇంటికొచ్చింది. పక్కనున్నవాళ్లంతా చేతులు కట్టుకుని చూశారు. క్యాంపుల్లో ఖాళీ చేసే పొద్దునపూట టెంటు సర్దేవాళ్లని చూడ్డంకన్నా పెద్ద వినోదం లేదు. నేనూ చూశాను అలా, వేరేవాళ్లని. అందుకే తెలుసు.

ఇక్కడిదాకా రాసి లేచాను.

ఎందుకు లేచానో చెప్పనా? కోపం కాగితం మీద పట్టలేదు. మా ఆయన గురక పెడుతున్నారు. టెంటుని ఒక మూల పట్టుకున్నాను. మడత లేదు, కొలత లేదు, సూత్రం లేదు. దొరికినంత పిడికిట్లోకి తీసుకుని నీ గొంతులోకి కుక్కాను. మళ్లీ పిడికెడు. మళ్లీ పిడికెడు. పూత ఉన్న గుడ్డని ప్రతిసారీ ఒకే మడత మీద మడిస్తే అక్కడే చిట్లుతుందని, మడవకుండా కుక్కెయ్యమని కొండలెక్కేవాళ్లు చెబుతారని ఎప్పుడో చదివాను. బద్ధకస్తులు చెప్పే సాకు అనుకున్నానప్పుడు. పోల్స్ ఒక పక్కనుంచి కత్తిలా దింపాను. మేకుల తిత్తిని మిగిలిన సందులో తోశాను. బొందు లాగి ముడేశాను. పదకొండు నిమిషాలు పట్టింది.

అంతా నీలోనే ఉంది. నోరు కూడా మూసుకుంది.

నాలుగు గంటలు అంచుకి అంచు కలిపి, టేపు పెట్టి కొలిచి, బతిమాలితే తీసుకోనిదానివి, జుట్టు ముడేసుకుని కసిగా కుక్కితే చిన్నపిల్లలా మింగావు. ఇదా నీకు కావలసింది? ముందే చెప్పి ఉంటే మా ఆయన నడుమైనా బాగుండేది.

ఇప్పుడు గోడవారగా నిలబెట్టాను. గుండ్రంగా, బొద్దుగా, అట్టమీది బొమ్మలోలాగే ఉన్నావు. దాటి వెళ్లినప్పుడల్లా ఒకసారి చేత్తో తడుతున్నాను, ఎందుకో తెలియదు. ఆ ఏడు రాళ్లు ఒక డబ్బాలో వేశాను, శుక్రవారం వాటి ఒడ్డుకి అవి చేరతాయి. మూడు రాత్రులు నీకు ఎలాగూ పని లేదు గనక మా కోట్లు నీలోకి కుక్కి తలకింద పెట్టుకుంటాను. దిండుగానైనా పనికొస్తావేమో చూద్దాం.

ఇట్లు,
విరిగిన గోరుతో,
మీ యజమానురాలు

తా.క. మా ఆయన ఇప్పుడే లేచారు. రాత్రంతా ఆయన కింద పరుచుకుని పడుకున్నది టెంటు అడుగున పరిచే గ్రౌండ్‌షీట్.