బియాంగ్‌బియాంగ్ దొరవారికో ఫిర్యాదు

మహారాజశ్రీ బియాంగ్‌బియాంగ్ నూడిల్స్ వారి సముఖమునకు,
షియాన్ నగరం, షాన్‌షీ ప్రావిన్స్, చైనా.

మైదా, నీళ్లు, ఉప్పు. తమరి ఆస్తి ఇంతే. పేరులో ‘బియాంగ్’ అనే ఒక్క అక్షరం పాత చైనా లిపిలో రాయడానికి మాత్రం 58 గీతలు! ఆ అక్షరంలో గుర్రం ఉంది, గుండె ఉంది, కత్తి ఉంది, గోధుమ మాత్రం లేదు. 2020లో యూనికోడ్‌లో (కంప్యూటర్లు గుర్తుపట్టే అక్షరాల పట్టికలో) చోటు దొరికేదాకా కంప్యూటర్లు తమరి ముందు చేతులెత్తేశాయి. తీరా చూస్తే ఆ పేరు పిండిని బండకేసి కొట్టినప్పటి చప్పుడట.

పేరు సరే, తమరి అలకలే భరించలేం. 300 గ్రాముల మైదాకి 150 మిల్లీలీటర్ల నీళ్లు, అర చెంచా ఉప్పు. పిసికి, పావుగంట మూతపెట్టి, మళ్లీ పిసికితేగాని నునుపు తేలరు. నాలుగు ముద్దలు చేసి, ఒంటికి నూనె పట్టించి, రెండు గంటలు పడుకోబెట్టాలి. (బొబ్బట్ల పిండి నానబెట్టేవాళ్లకి ఈ మర్యాదలు కొత్తకాదు.) అరగంటకే లేపితే రబ్బరులా వెనక్కి ముడుచుకుంటారు, బలవంతం చేస్తే తెగుతారు. చపాతీ పిండితో సరిపెడదామంటే అందులోని పొట్టు సాగనివ్వదు. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా లాగినా అంతే.

నిద్ర చాలితే మాత్రం వెన్నే. ముద్దని అరచేయంత వెడల్పున వత్తి, నడుమ చాప్‌స్టిక్‌తో నిలువునా గీత నొక్కి, రెండు కొసలూ పట్టుకుని లాగుతూ బండకేసి కొట్టాలి. తర్వాత గీత వెంట చీలిస్తే పెద్ద ఉంగరం. నడికట్టంత వెడల్పు నూడిల్సని షాన్‌షీ వింతల్లో ఒకటిగా అక్కడివాళ్లే చెప్పుకుంటారు. లాగిన వెంటనే మరిగే నీళ్లలో పడాలి, రెండు నిమిషాలు చాలు. అన్నీ లాగి పళ్లెంలో పేర్చామా, ఒకరినొకరు కౌగిలించుకుని మళ్లీ ముద్దే.

ఇక తమరి అభిషేకం. సోయాసాస్, నల్ల వెనిగర్ చెరో చెంచా గిన్నె అడుగున పోయాలి, పైన పోస్తే కారం తడిసి నూనెకి చిటపటమంటుంది. నూడిల్స్ మీద సన్నగా తరిగిన వెల్లుల్లి, ఉల్లికాడలు, బరక మిరప్పొడి కుప్పగా పెట్టి, రెండు పెద్ద చెంచాల కాగిన నూనె సరిగ్గా ఆ కుప్ప మీదే. మన తాలింపులో మిరపకాయ నూనెలోకి వెళ్తుంది, తమరి దగ్గర నూనే మిరప దగ్గరికి నడిచి రావాలి! నూనె చాలినంత కాగకపోతే చుయ్ అనదు, వెల్లుల్లి పచ్చివాసన కొడుతుంది. పొగలు కక్కేలా కాగితే కారం నల్లబడి చేదెక్కుతుంది. చెక్క పుల్ల ముంచితే చుట్టూ జోరుగా బుడగలు రావాలి, అదే అదను.

ఇట్లు,
బండకంటిన పిండి గీకుతున్న
తమ విధేయులు.

తా.క.: షాన్‌షీ మిరప ఘాటుకంటే వాసనకే పేరు. అక్కడి కొలతకి గుంటూరు కారం వేసి తమరిని తిట్టినవాళ్ల తప్పు మీమీద వేయం. వరంగల్ చపాటా మిరప వేసుకుంటే రంగుకి రంగు, నోటికి శాంతి.